వెనక గుండీల చొక్కా

మా పాత బడి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఒక ఆదివారం ఉదయం ఒక ఫొటో వచ్చింది. రేకుల షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ముసలాయన, చేతిలో టీ గ్లాసు. చొక్కా ముందువైపు వెనక్కి వేసుకున్నాడు. గొంతు కింద గుండీలు లేవు, నున్నటి గుడ్డ మాత్రమే కనిపిస్తోంది. కింద లెక్కల మాస్టారు రాశాడు: "మన అరకు కారు పాలిష్ తాత పోయాడు. మొన్న బుధవారమట."

గంటలో పదిమంది దాకా దణ్ణం బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టిన మరుక్షణం తీసేశాను. తీసేసినట్టు గుర్తు మాత్రం నా పేరు పక్కన మిగిలిపోయింది. "ఏం తీసేశారు మాస్టారూ?" అని ఎవరో అడిగారు. "పొరపాటున వేరే గ్రూపుది పెట్టాను" అని రాశాను. ఆ ముసలాయన విషయంలో నేను ఆడిన అబద్ధాల్లో అది చివరిది. చివరిది కావాలనే ఇదంతా రాస్తున్నాను.

అరకులో నేను ఏడేళ్ళు పనిచేశాను, ఆశ్రమ పాఠశాలలో సోషల్ మాస్టరుగా. బడికి వెళ్ళే దారిలో, డుంబ్రిగుడ వైపు తిరిగే మలుపు దాటాక ఆయన షెడ్డు. బోర్డు మీద తెల్ల రంగుతో "కారు గీతలు తీయబడును" అని ఉండేది. అంతే, పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. ఆయన పేరు ఎవరైనా వాడగా నేను వినలేదు. నేను అడగనూ లేదు. అందరికీ ఆయన తాత, లేదంటే "ఎనక గుండీల తాత".

ఆ చొక్కా సంగతి మొదట చెప్పాలి. కారు మీదికి వంగి పనిచేసేటప్పుడు చొక్కా గుండీ రంగుకి తగిలితే సన్నటి గీత పడుతుంది. అందుకని పొద్దున్నే షెడ్డుకి రాగానే చొక్కా విప్పి, ముందుది వెనక్కి తిప్పి తొడుక్కునేవాడు. గుండీలు వీపున ఎవరితోనైనా పెట్టించుకునేవాడు. ఎవరూ లేకపోతే మూడు గుండీలు వదిలేసి, పైది ఒక్కటి ఎలాగో తనే పెట్టుకునేవాడు. మొలతాడుకున్న తాళంచెవి తీసి మేకుకి తగిలించేవాడు. వేలికి రాగి ఉంగరం ఉండేది. అది వేలి నుంచి రాదు కాబట్టి దాని మీద గుడ్డపేలిక చుట్టి దారంతో కట్టేవాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు చొక్కా సంగతి మరిచిపోయేవాడు. సంతలో అలాగే తిరిగేవాడు. మా బడి పిల్లలు వెనకే నడుస్తూ నవ్వుకునేవాళ్ళు. ఆయన వెనక్కి తిరిగి "ఏటి నవ్వుతన్నారు?" అనేవాడు. వాళ్ళు చెబితే తనూ నవ్వేవాడు, కానీ చొక్కా సరిచేసుకునేవాడు కాదు. "రేపు మళ్ళీ తిప్పాల గదా" అనేవాడు.

కుర్రతనంలో విశాఖపట్నం వెళ్ళి ఏదో బాడీ షాపులో రంగుల పని నేర్చుకున్నాడట. అక్కడ ఎన్నేళ్ళున్నాడో, ఎందుకు వెనక్కి వచ్చాడో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఆయన చేతులు, ఆయన పద్ధతులు. రెండు బకెట్ల నీళ్ళు పెట్టుకునేవాడు. ఒకటి సబ్బునీళ్ళు, రెండోది గుడ్డ జాడించడానికి. ఒకదాని నీళ్ళు ఇంకోదాంట్లో కలవకూడదు. గుడ్డ చెయ్యి జారి కింద పడితే అది మళ్ళీ కారుని ముట్టుకోకూడదు. దాన్ని అప్పటికప్పుడే నేల తుడవడానికి పక్కన పడేసేవాడు. అది కొత్త గుడ్డయినా సరే, అప్పుడే పొట్లం విప్పిందయినా సరే. పదకొండు గంటలకి అల్యూమినియం గిన్నెలో చోడి అంబలి, అంటే రాగి జావ, తాగేవాడు. తాగాక చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఆరే వరకు గాలిలో ఎత్తి పట్టుకునేవాడు, ఆపరేషన్‌కి వెళ్ళే డాక్టరులాగా. ఎవరైనా వచ్చి మాటల్లో పడి కారుకి ఆనుకుంటే ఏమీ అనేవాడు కాదు. వెళ్ళి వాళ్ళ మోచెయ్యి మెల్లిగా పట్టుకుని, పడుకున్న పిల్లాడి చెయ్యి జరిపినట్టు జరిపేవాడు.

నా మోచెయ్యి కూడా అలాగే జరిపాడు, నేను మొదటిసారి వెళ్ళిన రోజు.

శీతాకాలం. ఎనిమిదిన్నరైనా మంచు రోడ్డు మీద నుంచి లేవలేదు. నా ముదురు నీలం కారు షెడ్డు ముందు ఆపి, "అమ్ముతున్నాను. మూడు రోజుల్లో కొత్తదానిలా మెరిసిపోవాలి" అన్నాను.

"మంచు ఇడనీయండి బాబూ. ఎండ రాకుండా దీని మొకం నాకు తెల్దు" అన్నాడు.

నన్ను కూర్చోబెట్టి తన పని తను చేసుకున్నాడు. పదింటికి ఎండ వచ్చింది. "ఇప్పుడు రండి" అని పిలిచి బానెట్ చూపించాడు. ఐదేళ్ళుగా నేను రోజూ తుడిచిన కారది. ఎండలో దాని మీద వందల సన్నటి గీతలు, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి, సాలెగూడు అల్లినట్టు ఉన్నాయి. అన్నేళ్ళూ నాకు కనపడలేదు.

"ఏటితో తుడుత్తన్నారు?"

"బట్టతోనే."

"ఏ బట్టతో?"

డాష్‌బోర్డు మీదున్న గుడ్డ తీసి ఇచ్చాను. బడిలో నల్లబల్ల తుడిచే గుడ్డల్లో ఒకటి. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని ఒక్కసారి దులిపాడు. తెల్లటి సుద్దపొడి ఎగిరింది. ఆయన నా వైపు చూశాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఇయ్యి బండికి వొచ్చినయ్యి కాదు బాబూ. మన సేతుల్తో పెట్టినయ్యి. రోజూ ప్రేమగా తుడిసి పెట్టినయ్యి."

అప్పుడే పై పొర గురించి చెప్పాడు. రంగు మీద గాజులాంటి పొర ఒకటి ఉంటుందని, గీతలన్నీ దానిమీదే ఉంటాయని. "గీత తియ్యడమంటే గీతని పట్టుకు పీకడం కాదు. గీత ఎంత లోతుంతాదో సుట్టూరా అంత లోతు అరగదియ్యాల. అప్పుడు గీత కనపడదు. పొర పల్సబడిపోద్ది. అందుకే ఊరికూరికే సెయ్యకూడదు. బండి జన్మకి ఒక్కసారో రెండుసార్లో." నేను వింటున్నట్టు తల ఊపాను. నాకు కావలసింది మెరుపు మాత్రమే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయన నాకంటే కనీసం పాతికేళ్ళు పెద్ద. నేను ఆయన్ని "నువ్వు" అనేవాణ్ణి. ఆయన నన్ను "మీరు" అనేవాడు. కొండల్లో పనిచేసే మా మైదానం వాళ్ళం చాలామందిమి అంతే. అందులో తప్పుందని అప్పుడు నాకు తోచలేదు.

రెండో రోజు మధ్యాహ్నం బడి అయ్యాక వెళ్ళాను. కారు కడిగి ఆరబెట్టి, దీపాల అంచులకీ తలుపుల అంచులకీ టేపు అంటించి ఉంది. అంచుల్లో రంగు పలచగా ఉంటుంది, మెషిను తగిలితే కాలిపోతుంది, అందుకని టేపు. ఆయన కుడి చేతికి పల్చటి పాలిథిన్ సంచి తొడుక్కుని, కళ్ళు మూసుకుని కారు ఒళ్ళంతా నిమురుతున్నాడు. సంచిలోంచి తాకితే వట్టి చేతికి తెలియని గరుకు కూడా తెలుస్తుందట. బానెట్ అయింది. కుడి ముందు చక్రం మీది రేకు దగ్గర చెయ్యి ఆగింది. కళ్ళు తెరిచాడు. సంచి తీసేసి వేలి కణుపుతో తట్టాడు. అక్కడొకసారి, అటుపక్క రేకు మీద ఒకసారి. మళ్ళీ ఇక్కడ. బానెట్ ఎత్తి, టార్చి వేసి, చక్రం వెనక లోపలికి చాలాసేపు చూశాడు.

"ఇది దెబ్బ తిన్న బండి బాబూ" అన్నాడు.

నిజమే. అంతకు ముందటి వానాకాలం ఘాట్‌రోడ్డులో దిగుతూ, ఎదురొచ్చిన లారీని తప్పించబోయి కల్వర్టు గోడని గుద్దాను. నాకేమీ కాలేదు. కారు ముందు భాగం లోపలికి పోయింది. మైదానంలో తెలిసిన షెడ్డులో బాగుచేయించాను. లోపలి చట్రం వంగితే సాగదీసి, చిట్లిన చోట వెల్డింగ్ పెట్టి, పైన కొత్త రేకు వేసి రంగు కొట్టారు. ఇచ్చేటప్పుడు ఆ మెకానిక్ అన్నాడు: "కింద రోడ్లలో ఏం పర్లేదు సార్. ఘాట్‌లో మాత్రం గట్టిగా బ్రేకు కొట్టకండి. కుడి పక్కకి లాగేస్తుంది." ఆ తర్వాత ఆ కారులో నా భార్యనీ పిల్లనీ ఎక్కించుకుని ఒక్కసారి కూడా ఘాట్ దిగలేదు. వాళ్ళని బస్సెక్కించి నేను ఒక్కణ్ణే వెనక వచ్చేవాణ్ణి. ఆ కారంటే భయం వేసింది. అందుకే అమ్మకానికి పెట్టాను. ఇంకే కారణమూ లేదు.

"చిన్న దెబ్బే. బాగుచేయించాను" అన్నాను.

"సిన్నది కాదు బాబూ. లోపల అతుకుంది." ఆయన టార్చి ఆర్పాడు. "కొనీవోడు ఎవులు?"

"ఇంకా ఎవరూ రాలేదు."

"ఎవులొచ్చినా మీరు సెప్పాల. నాను గీతలు తీత్తాను. దెబ్బ దాయను."

"చెప్తాన్లే. నాకు తెలీదా?"

"నాను సెప్తే బేరం సెడగొట్టినోణ్ణవుతాను. మీ నోటితో మీరు సెప్తే మర్యాదగా ఉంతాది. సెప్పీయండి బాబూ. తెలిసి కొనుక్కున్నోడు నెమ్మదిగా తోల్తాడు."

"చెప్తానన్నాను కదా. నువ్వు నీ పని చూడు."

ఆయన తల ఊపాడు. ఆయనకి అది చాలు. మెషిను ఆన్ చేసి బానెట్ మీద నాలుగు అడ్డం, నాలుగు నిలువు, పెదాలతో లెక్కపెట్టుకుంటూ మొదలుపెట్టాడు. మాస్టారు చెప్తానంటే చెప్తాడు. అందులో మళ్ళీ అడగాల్సినదేమీ ఆయనకి కనపడలేదు.

మూడో రోజు మధ్యాహ్నానికి కారు తయారైంది. అంత ముదురు నీలం దానిలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఎదురుగా ఉన్న సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీద పాకిన మిరియాల తీగెలు ఆకుతో సహా తలుపులో కనిపిస్తున్నాయి.

కొనడానికి దానియేలు వచ్చాడు. డుంబ్రిగుడ అవతల ఊరతను. ముప్పై ఏళ్ళుంటాయి. చర్చిలో డోలక్ వాయించేవాడు. పదేళ్ళుగా ఇంకొకరి జీపు మీద టూరిస్టుల్ని బొర్రా గుహలకీ చాపరాయికీ తిప్పుతున్నాడు. సొంత బండి కొనుక్కోవాలన్నది అతని కోరిక. భార్యని కూడా తెచ్చాడు. ఆమె తలుపులో తన ముఖం చూసుకుని, జడలో పువ్వు సరిచేసుకుంది. దానియేలు ఒక రౌండు నడిపి వచ్చాడు, చదును రోడ్డులో. నేను అతనికి టైర్లు త్వరలో మార్చాలని చెప్పాను. బ్యాటరీ పాతదని చెప్పాను. ఏసీ కొంచెం తక్కువ చల్లదనం ఇస్తుందని కూడా చెప్పాను. నేను చెప్పిన చిన్న చిన్న లోపాలన్నీ విని, "మాస్టారు కాబట్టి ఉన్నదున్నట్టు సెప్తన్నారు" అన్నాడు భార్యతో.

తర్వాత ముసలాయన దగ్గరికి వెళ్ళాడు. ఆ లోయలో సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళు అందరూ చేసే పని అది.

"తాతా, బండెలగుంది?"

ముసలాయన చేతులు తుడుచుకుంటూ లేచాడు. "మాస్టారు నీకంతా సెప్పారా?"

"ఆఁ, సెప్పారు తాతా. అన్నీ సెప్పారు."

నేను వాళ్ళిద్దరికీ మూడడుగుల దూరంలో ఉన్నాను. ఆ ప్రశ్నలో ఏముందో నాకు తెలుసు. ఆ జవాబులో ఏం లేదో కూడా తెలుసు. ముసలాయన నా వైపు తిరిగి చూశాడు. అనుమానంగా కాదు. చెప్పినందుకు సంతోషంగా. నేను ఆ చూపుకి తల ఊపాను.

"రంగు వరకూ నాది పూసీ," అన్నాడు దానియేలుతో. "మిగతాది నీకు తెల్సిందే. నెమ్మదిగా తోలుకో."

"అలగే తాతా."

నేను తాళాలు ఇచ్చాను. దానియేలు భార్య ముందు సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. వాళ్ళు వెళ్ళాక ముసలాయన నన్ను కూర్చోమని తన గిన్నెలో మిగిలిన అంబలి గ్లాసులో పోసి ఇచ్చాడు. అంతకు ముందెప్పుడూ ఇవ్వలేదు. "సానామంది సెప్పరు బాబూ," అన్నాడు. నేను తాగాను.

ఆరు నెలలు ఏమీ జరగలేదు. సంతలో దానియేలు కనిపించి చెయ్యి ఊపేవాడు. నేను చేసిన దాన్ని మెల్లిగా తప్పు కాదనుకోవడం మొదలుపెట్టాను. మెకానిక్ ఎక్కువ చేసి చెప్పి ఉంటాడనుకున్నాను.

వానాకాలంలో, అనంతగిరి దాటి దిగే మలుపుల్లో, నలుగురు టూరిస్టులు కారులో ఉండగా ఎదురుగా బస్సు వచ్చింది. దానియేలు బ్రేకు కొట్టాడు. కారు కుడి పక్కకి లాగేసింది. బస్సు కిందకి పోకుండా అతను ఎలాగో ఎడమకి విరిచి కొండ రాయికి కొట్టాడు. టూరిస్టులకి గీసుకుపోవడాలతో సరిపోయింది. దానియేలు కుడి మోకాలు నుజ్జయింది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో రెండు నెలలున్నాడు. మోకాలు మళ్ళీ పూర్తిగా వంగలేదు. బ్రేకు తొక్కే కాలు అది.

నేను ఆసుపత్రికి వెళ్ళలేదు. బడిలో పరీక్షలున్నాయి.

సంతలో మాట వేరేగా పుట్టింది. ఎండుచేపల దుకాణం దగ్గర నిలబడి నా చెవులతో విన్నాను. "ముసిలోడు మెరుగు పెట్టి బొక్కలు దాసేత్తన్నాడు." ఇంకొకడు "అందరి బళ్ళూ ఆడే సూత్తాడు గదా, ఆడికి తెల్దేటి? తెల్సే ఊరుకున్నాడు" అన్నాడు. నా పేరు ఎవరూ ఎత్తలేదు. నేను అర కేజీ చేపలు తీసుకుని బేరం కూడా ఆడకుండా వచ్చేశాను.

అమ్మకానికి పెట్టే బళ్ళు ఆయన దగ్గరికి రావడం ఆగిపోయింది. కొన్నాళ్ళకి బోర్డు కూడా లేదు. ఇనుప గేట్లకీ బీరువాలకీ రంగులు వేస్తున్నాడని తెలిసింది. గేటుకి గుండీ తగిలితే ఏమవుతుంది? అయినా చొక్కా వెనక్కే వేసుకునేవాడు.

ఒకరోజు బడికి వెళ్తుంటే రోడ్డు మీదికి వచ్చి నన్ను ఆపాడు. నేను కొత్త కారు దిగలేదు, అద్దం దించాను.

"బాబూ, ఒక్క మాట. ఆ వేళ దానియేలుకి సెప్పారా?"

కోపం లేదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగాడు. ఆ క్షణంలో నిజం చెప్పి ఉండొచ్చు. ఆయన ఒక్కడే ఉన్నాడు, రోడ్డు మీద ఇంకెవరూ లేరు. ఆయన నన్ను మంచివాడనుకున్నాడు, అది పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయిందేమో.

"చెప్దామనే అనుకున్నాను. టైర్లూ బ్యాటరీ చెప్పే గొడవలో అది మర్చిపోయాను" అన్నాను.

"అవున్లెండి బాబూ" అన్నాడు. "మరుపు అందరికీ ఉంతాది. నాను మళ్ళీ అడగాల్సింది. 'ఏటేటి సెప్పారు?' అని ఒక్కొక్కటీ అడగాల్సింది. తప్పు నాదే. సంతలో కూడా అదే సెప్పీసినాను, నా తప్పేనని."

"ఎందుకలా చెప్పావు?"

"మరి ఆల్లు నన్నే గదా అడిగినారు?" అన్నాడు. నా కారు తలుపు మీద ఆయన చెయ్యి పడబోయి ఆగింది. చేతిని వెనక్కి తీసుకుని పక్కకి తప్పుకున్నాడు.

తర్వాత ఏడాది నాకు శృంగవరపుకోట దగ్గరికి బదిలీ అయింది. వచ్చేసే రోజు ఆ షెడ్డు ముందు నుంచే వచ్చాను. ఆగలేదు.

ఫొటో వచ్చిన ఆదివారం ఏమీ చెయ్యలేదు. వారమంతా బడికి వెళ్ళాను, పాఠం చెప్పాను, అన్నం తిన్నాను. తరువాతి ఆదివారం తెల్లవారగానే బస్సెక్కాను. కారులో వెళ్ళడానికి ఎందుకో మనసొప్పలేదు. డుంబ్రిగుడలో దిగి అడుగుతూ దానియేలు ఇల్లు పట్టుకున్నాను. వాకిట్లో టార్పాలిన్ మీద రాజ్మా కాయలు పోసి ఉన్నాయి. అతను కుడికాలు చాచుకుని కూర్చుని గింజలు ఒలుస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దని ఎదురుగా కూర్చున్నాను.

"తాత పోయాడని తెలిసింది" అన్నాను.

"నానే మోసాను, ఒక కొస" అన్నాడు. "కుంటుకుంటూ. నన్ను ఒద్దన్నారు. నానే పట్టుకున్నాను."

ఆసుపత్రి నుంచి వచ్చాక ప్రతి సంత రోజూ ముసలాయన అతని దగ్గరికి వచ్చేవాడట. ఓ పక్కన కూర్చుని మోకాలికి నూనె రాసి పట్టేవాడట. నాలుగు అడ్డం, నాలుగు నిలువు లెక్కపెట్టుకుంటూ. నూనె రాసే ముందు ఉంగరానికి గుడ్డ చుట్టుకునేవాడట.

"మాస్టారూ, మీతో ఒకటి అడగాల" అన్నాడు దానియేలు. చేతిలో కాయ అలాగే ఉంది. "బండి తీసుకెల్లిన మెకానిక్కు సెప్పినాడు, లోపల పాత వెల్డింగుందని. నాను తాతని అడిగినాను, నీకు తెల్సా అని. తెల్సన్నాడు. మరి నాకేల సెప్పలేదంటే, మాస్టారు సెప్పారనుకున్నానన్నాడు. మాస్టారు దాసీసినారా అన్నాను. కాదు, ఆయన మర్సిపోయారు, మంచోరు, అన్నాడు. నాను మళ్ళీ మళ్ళీ అడిగినాను. ఎన్నిసార్లడిగినా అదే మాట." అతను నా ముఖంలోకి చూశాడు. "మర్సిపోయారా?"

"లేదు" అన్నాను. "గుర్తుంది. మీరిద్దరూ నా ముందు మాట్లాడుకుంటున్నప్పుడు కూడా గుర్తుంది. కావాలనే చెప్పలేదు. తర్వాత తాతతో మర్చిపోయానని అబద్ధమాడాను."

దానియేలు భార్య గుమ్మంలో నిలబడి ఉంది. నీళ్ళ చెంబు ఇవ్వడానికి వచ్చినట్టుంది. అక్కడే ఆగిపోయి, చెంబుతో లోపలికి వెళ్ళిపోయింది.

దానియేలు చేతిలోని కాయ ఒలిచాడు. గింజలు చాటలో వేశాడు. ఇంకో కాయ తీసుకున్నాడు. అతను తిడితే బాగుండునని ఎదురుచూశాను. చివరికి చేతులు దులుపుకుని, కర్ర అందుకుని లేచాడు.

"నాకు సెప్పితే ఏటి లాభం? నాకు అనుమానం ముందే ఉంది. తాత ఇంటికాడ సెప్పండి. ఆయమ్మ ఇంకా సంతకెల్తే తల దించుకునే ఎల్తంది. రండి."

తాతదీ ఆ ఊరే, ఫర్లాంగు దూరం కూడా లేదు. అతను ముందు కుంటుతూ నడుస్తుంటే వెనక నడవడం నాకు చేతకాలేదు. పక్కకి వచ్చి నడిచాను. ముసలాయన భార్య ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. ముక్కుకి మూడు పోగులు, తెల్లబడిన జుట్టు. ఆమెకి తెలుగు అంతగా రాదు. వాళ్ళ ఒరియా మాటే. దానియేలు నా వైపు చూసి, "సెప్పండి. నాను ఆయమ్మకి సెప్తాను" అన్నాడు.

నేను నిలబడే చెప్పాను. కారు అమ్మిన సంగతి. తాత లోపలి అతుకు పట్టుకున్న సంగతి. నేను మాట ఇచ్చిన సంగతి. ఒక్కో వాక్యం చెప్పి ఆగాను. దానియేలు ఒక్కో వాక్యం ఆమెకి వాళ్ళ మాటలో చెప్పాడు. "గట్టిగా బ్రేకు కొడితే కుడి పక్కకి లాగుతుందని నాకు ముందే తెలుసు" అన్నప్పుడు అతను చెప్పడం ఆపేశాడు. నా వైపు చూశాడు. కర్ర మీద చెయ్యి మార్చుకున్నాడు. ఆ తర్వాత అది కూడా చెప్పాడు, ఒక్క మాట వదలకుండా.

అంతా అయ్యాక ఆమె నన్ను కాకుండా దానియేలుని ఏదో అడిగింది. చిన్న ప్రశ్న. అతను వెంటనే తెలుగులో చెప్పలేదు.

"ఏమంటోంది?" అన్నాను.

"ఏ మాస్టరు, అంతంది." దానియేలు గొంతు తగ్గింది. "మీరెవులో ఆయమ్మకి తెల్దు. తాత ఇంటికాడ మీ ఊసు ఎప్పుడూ ఎత్తలేదంట. జనం ఎందుకలగ అంతన్నారని అడిగితే, నా పనిలోనే తప్పొచ్చింది అనీవోడంట. ఆయమ్మ అదే నమ్మింది, ఇన్నాళ్ళూ."

ఆమె నా కోసం అరుగు మీద చోటు చూపించింది. నేను కిందనే, నేల మీద కూర్చున్నాను. దానియేలు కూడా గోడని ఆసరా చేసుకుని, కాలు చాపుకుని నా పక్కన కూర్చున్నాడు.

"మొదట్నుంచి సెప్పమంతంది" అన్నాడు. "బేగి సెప్పకండి. నిదానంగా సెప్పండి."

నేను నా పేరుతో మొదలుపెట్టాను. దానియేలు ఆ పేరు ఆమెకి వినపడేలా గట్టిగా చెప్పాడు.